కోనసముద్రం దారిలో నాలుగు సైకిళ్లు

నిజామాబాద్ నుంచి జగిత్యాల వైపు సాగే 63వ నంబరు జాతీయ రహదారిపై ఆర్మూర్, మోర్తాడ్ దాటిన తర్వాత, మెట్‌పల్లి ఇంకా రాకముందు కమ్మర్‌పల్లి వస్తుంది. బస్సులో వెళ్లేవారికి అది కిటికీలోంచి కనిపించే మరో మండల కేంద్రం మాత్రమే. కొన్ని దుకాణాలు, చాయ్ హోటళ్లు, పసుపు బస్తాలు నింపుకున్న లారీలు కనిపిస్తాయి. బస్సు రెండు నిమిషాలు ఆగి కదులుతుంది. రహదారి విడిచి పల్లెబాట పట్టినవారికే ఈ నేల అసలు స్వరూపం తెలుస్తుంది. సైకిల్ మీద వెళ్లేవారికి మరీ బాగా తెలుస్తుంది. మోటారు బండికి చదునుగా తోచే దారి కూడా సైకిల్ తొక్కేవాని తొడలకు ఎత్తుగానే ఉంటుంది.

మదరసాకు శుక్రవారం సెలవు. చలికాలం మూడు నెలలూ ఆ రోజున ఫజ్ర్ నమాజు ముగించుకుని సైకిళ్ల మీద గుట్టల దారి పట్టడం మాకూ, మా మిత్రులకూ కొన్నేళ్లుగా అలవాటు. మాతో కలిపి నలుగురం. ఒకరు దర్జీ పని చేస్తారు. ఇంకొకరు దమ్మాంలో ఇరవై రెండేళ్లు లారీ నడిపి తిరిగివచ్చినవారు. ఊరంతా ఆయనను దమ్మాం భాయి అనే పిలుస్తుంది. నాలుగో మిత్రులు రహదారి పక్కన సైకిల్ రిపేరు దుకాణం నడిపే పెద్దమనిషి, కమ్మరి కుటుంబానికి చెందినవారు. తాతగారి కాలం దాకా ఇంట్లో కొలిమి ఉండేదట. మేము ఆయనను ఉస్తాద్ అంటాము. ఆయన మమ్మల్ని మౌల్సాబ్ అంటారు. నలుగురిలో యాభై దాటనివారెవరూ లేరు.

ఈ వయసులో, అందునా చలిలో సైకిల్ తొక్కడమేమిటని అడిగేవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. డిసెంబరు చివర, జనవరి మొదట్లో ఇక్కడ తెల్లవారుజామున పది డిగ్రీలకు దిగువకు పడిపోయే రోజులుంటాయి. హ్యాండిల్ పట్టుకున్న వేళ్లు కాసేపటికి మనవి కాకుండా పోతాయి. పొగమంచులో ఎదుటివారి సైకిల్ వెనుక ఎర్రబిళ్ల తప్ప మరేమీ కనిపించదు. ఎత్తు ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, దిగేటప్పుడు ఆ చెమటే గడ్డకట్టినట్లు వణికిస్తుంది. చలికాలపు సైకిల్ సవారీలో అసలు కష్టం ఎక్కడంలో లేదు, దిగడంలో ఉంది. ఈ సంగతి ఉస్తాద్ మాకు మొదటి రోజే చెప్పి, స్వెట్టరు లోపల ఛాతీ మీద మడిచిన వార్తాపత్రిక పెట్టుకోమన్నారు. గాలిని అది ఆపినంతగా ఉన్ని కూడా ఆపదు. మా ఇంటికి వచ్చేది ఉర్దూ పత్రిక. అల్లాహ్ నామం, ఆయతుల అనువాదం ఉండే పుటను చెమటలో తడపడం మాకు సమ్మతం కాదు. కనుక స్థలాల అమ్మకాల ప్రకటనలుండే పుటను వెదికి పెట్టుకుంటాము. మా ఛాతీని ఎన్ని ప్లాట్లు కాపాడాయో లెక్క లేదు.

మా దారి మొత్తం ముప్పై కిలోమీటర్లకు మించదు. ఖస్ర్ నమాజుకు మన ఉలమా చెప్పే సుమారు 77 కిలోమీటర్ల దూరంలో సగం కూడా కాదు కనుక షరీఅతు దృష్టిలో మేము ప్రయాణీకులమే కాము. జుమాకు ముందే ఇల్లు చేరి స్నానం చేసి, బట్టలు మార్చుకుని మస్జిదులో ఉండాలి. జనవరిలో సూర్యుడు ఆరూ నలభై ఐదు ప్రాంతంలో ఉదయిస్తాడు. ఫజ్ర్ తర్వాత బయలుదేరి పదకొండు గంటలకల్లా తిరిగి రావాలన్నది మా నియమం. ఇక చలిలో వుజూ విషయం. స్థానికుడు తోలు మేజోళ్ల మీద ఒక పగలూ ఒక రాత్రీ మసహ్ చేసుకోవచ్చన్న సౌలభ్యం విలువ పుస్తకంలో చదివినప్పటికంటే జనవరి ఉదయాన బావి దగ్గర నిలబడినప్పుడు బాగా అర్థమవుతుంది.

దారి పొడవునా పసుపు చేలు. తొమ్మిది నెలల పంట అది. జూన్‌లో నాటితే జనవరి నుంచి తవ్వకం మొదలవుతుంది. ఎండిన ఆకులు కోసిన మడుల్లో కూలీలు దుంపలు ఏరుతుంటారు. ఉడకబెట్టిన పసుపు వాసన చలిగాలిలో బరువుగా తేలుతూ వచ్చి ముక్కుకు తగులుతుంది. కళ్లాల్లో ఆరబోసిన కొమ్ముల మీద తెల్లవారే వరకూ పరదాలు కప్పి ఉంటాయి. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానం ఉంది. నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమైంది. అయినా కళ్లం దగ్గర చలిమంట కాగుతున్న రైతును పలకరిస్తే ఆయన ముందుగా చెప్పేది నేటి ధర గురించే. ఆ మంట దగ్గర చేతులు కాచుకుంటూ ధరలు వినడం మా యాత్రలో ఒక భాగం.

పల్లెల పేర్లు కూడా వినదగినవి. ఉప్లూర్, చౌట్‌పల్లి, హాసాకొత్తూర్ ఒక వరుస. అమీర్‌నగర్, బషీరాబాద్, ఇనాయత్‌నగర్ మరొక వరుస. తెలుగు పేర్లూ, పారసీ వాసన గల పేర్లూ ఒకే మండలంలో ఇరుగుపొరుగుగా ఉన్నాయి. మండల కేంద్రం పేరు మాత్రం కమ్మరుల పేరిటనే ఉంది. అది ఊరికే వచ్చిన పేరు కాదని కోనసముద్రం చూశాక తెలుస్తుంది.

కోనసముద్రం ఇదే మండలంలోని పల్లె. మదరసాలో అరబీ సాహిత్యం చెప్పేటప్పుడు కఅబ్ బిన్ జుహైర్ (ర) ప్రసిద్ధ ఖసీదా ‘బానత్ సుఆద్’ వస్తుంది. అందులో ‘ముహన్నద్’ అన్న పదం తగిలినప్పుడు విద్యార్థులు తప్పకుండా అర్థం అడుగుతారు. హింద్ దేశపు ఇనుముతో చేసిన ఖడ్గం అని చెబుతాము. అరబ్బులు మంచి ఖడ్గాన్ని హింద్ పేరుతోనే పిలిచారు. తొమ్మిదో శతాబ్దంలో తత్త్వవేత్త అల్‌కిందీ ఖడ్గాల రకాల మీద ఒక గ్రంథమే రాశాడు. ఈ పాఠం ఏళ్ల తరబడి చెప్పిన మాకు, ఆ పదం వెనుక ఉన్న పనితనానికి పేరుపడ్డ ఊళ్లలో ఒకటి మా ఇంటికి సైకిల్ దూరంలో ఉందని చెప్పినవారు ఉస్తాదే. ఆయన దాన్ని తాతగారి నోట విన్నారు. మేము తర్వాత పుస్తకాల్లో చదివాము.

హెన్రీ వాయిసీ అనే వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేతో పాటు నిజాం రాజ్యంలో తిరిగాడు. 1824లో మరణించాడు. ఆయన కోనసముద్రం ఉక్కు తయారీ గురించి రాసుకున్న వివరణ 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును మూడు పాళ్లు, రెండు పాళ్లుగా కలిపి మట్టి మూసల్లో పెట్టేవారు. మూసను మూసివేసి, బొగ్గుల కొలిమిలో ఉంచి, తిత్తులు ఆగకుండా ఊదుతూ సుమారు ఇరవై నాలుగు గంటలు కాల్చేవారు. చల్లారాక మూస పగలగొడితే అడుగున చిన్న రొట్టె ఆకారంలో ఉక్కు ముద్ద దొరికేది. ఆ ముద్ద కోసం ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక హాజీ వర్తకుణ్ని వాయిసీ అక్కడే కలిశాడు. పారసీకులు తమ దేశంలో ఇలాంటి ఉక్కు చేయాలని ప్రయత్నించి విఫలమయ్యారని ఆ వర్తకుడే ఆయనతో అన్నాడు. మన ‘ఉక్కు’ వంటి దక్షిణాది మాటే పాశ్చాత్యుల నోట ‘వూట్జ్’ అయిందని పండితులు చెబుతారు. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీ ముందు ఈ ఉక్కు మీద పత్రం చదివాడు. విద్యుత్తు పరిశోధనలతో పేరుపొందిన మైకేల్ ఫారడే 1819లో దీన్ని విశ్లేషించాడు. ఫారడే తండ్రి కూడా కమ్మరే. ఈ మాట చెప్పినప్పుడు ఉస్తాద్ తల పంకించి, “అందుకే గాయనకు దాని గుట్టు తెలుసుకోవాలని అనిపించింది” అన్నారు.

ఇస్ఫహాన్ ఎక్కడ, కోనసముద్రం ఎక్కడ! ఆ హాజీ ఓడ దిగిన తర్వాత ఎన్ని వారాలు ఎడ్లబండ్ల మీద, గుర్రాల మీద ఈ గుట్టల మధ్యకు వచ్చాడో ఊహించవచ్చు. కారులో పావుగంటలో వచ్చి చూసి వెళ్లేవారికి ఆ దూరం తెలియదు. ఖనిజం మోసినవారు, అడవిలో బొగ్గు కాల్చి తలల మీద తెచ్చినవారు ఈ ఎత్తులే ఎక్కారు. ఆ బరువు ఎంతో తెలుసుకోవడానికి సైకిల్ మీద రావడమే సరైన పద్ధతి అని మా అభిప్రాయం.

ఇక గత జనవరిలో జరిగిన సంగతి. ఆ శుక్రవారం మంచు దట్టంగా ఉంది. మేము బయలుదేరే ముందు దమ్మాం భాయి ఇంటి గుమ్మంలో భాభీ నిలబడి, “మౌల్సాబ్, నలుగురు పోతే నలుగురే రావాలె” అన్నారు. ఆమె భయానికి కారణం ఉంది. ఆయనకు దమ్మాంలో ఉండగానే మధుమేహం వచ్చింది. ఏళ్ల తరబడి సీటు మీద కూర్చోవడం, వేళ తప్పిన భోజనం, నిద్రలేని రాత్రులు. ఇప్పుడు కాలి రెండు వేళ్లకు స్పర్శ తగ్గింది. నడవమని, సైకిల్ తొక్కమని డాక్టరే చెప్పారు. ఆయన తండ్రిగారు బోధన్ ప్రాంతంలో చెరకు బండ్లు తోలినవారు. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర ఫ్యాక్టరీకి ఎడ్లబండ్ల వరుసలు రాత్రంతా కదిలేవని ఆయన చెబుతుంటారు. ఆ ఫ్యాక్టరీలో 2015 తర్వాత గానుగ ఆడలేదు. “చక్కెర మా బాపు బండి మీద ఉండె, ఇప్పుడు నా ఒంట్లో ఉన్నది” అని ఆయనే నవ్వుతూ అంటారు.

పల్లెబాట ఒకచోట గుట్ట పక్కగా మెలికలు తిరిగి పైకి పోతుంది. ఇరువైపులా సీతాఫలం పొదలు, మోదుగ చెట్లు, ఎండిన గడ్డి. మాకున్నవి గేర్లు లేని పాత నల్ల సైకిళ్లు. అక్కడ సీటు మీద కూర్చుని తొక్కడం సాధ్యం కాదు. లేచి నిలబడి, ఒక్కో పెడలు మీద ఒంటి బరువంతా వేయాలి. చిన్నప్పుడు కైంచీ తొక్కుడు నేర్చుకున్న రోజుల్లో ఒళ్లు ఎలా ఊగేదో అలా ఊగుతుంది. చైను కిర్రుమంటుంది. ఆ దారిలో మాకు ఒక నియమం ఉంది. అందరికంటే నెమ్మదిగా తొక్కేవారు ముందు ఉండాలి, వారిని ఎవరూ దాటకూడదు. ప్రయాణంలో దైవప్రవక్త (స) వెనుకగా నడుస్తూ, బలహీనులను ముందుకు సాగించేవారనీ, తమ వాహనం వెనుక ఎక్కించుకునేవారనీ, వారి కోసం దుఆ చేసేవారనీ జాబిర్ (ర) ఉల్లేఖించిన హదీసు అబూ దావూద్‌లో ఉంది. దాన్ని చదివి చెప్పినది మేము. సైకిళ్ల వరుసకు అన్వయించినది దర్జీ భాయి. మా నలుగురికీ అమీరు ఆయనే. మేము కాదు. ఆయనకు సహనం ఎక్కువ.

కనుక దమ్మాం భాయి ముందున్నారు. సగం ఎత్తులో ఆయన సైకిల్ అటూ ఇటూ పోసాగింది. “జర ఆగుదాం భాయి” అని దర్జీ భాయి అంటే ఆయన విసుక్కున్నారు. ఆయన విసుక్కునే మనిషి కాదు. మరో పది గజాలు పోయి దిగి సైకిల్ పట్టుకుని నిలబడ్డారు. మంచులో మాకు దంతాలు కొట్టుకుంటుంటే ఆయన నుదుటి మీద చెమట ధారలుగా కారుతోంది. చేతులు వణుకుతున్నాయి. ఎక్కడానికి పట్టిన చెమట అనుకోవడానికి వీలుంది. ఉస్తాద్ మాత్రం ఆయన మెడ తాకి చూసి, “ఇది ఎక్కిన చెమట కాదు, సల్లగున్నది. షుగర్ పడిపోయింది. ఖర్జూరాలు తియ్యుండ్రి” అన్నారు. ఉస్తాద్ సతీమణికి కూడా అదే వ్యాధి. ఆయన చూసి ఉన్నారు.

పొద్దున మాత్ర వేసుకుని ఏమీ తినకుండా బయలుదేరారట, భాభీ పెట్టిన రొట్టె రుమాలులో చుట్టి క్యారియరుకు కట్టి. పైకి ఎక్కాక అందరితో కలిసి తిందామని. చక్కెర కలిపిన నీళ్ల సీసా దర్జీ భాయి సంచీలో ఎప్పుడూ ఉంటుంది. అది తాగించి, పైన మూడు ఖర్జూరాలు తినిపించాము. పాఠకుల ఇళ్లలో మధుమేహ రోగులు ఉండవచ్చు కనుక ఈ సంగతి చెప్పవలసి ఉంది. వణుకు, చల్లటి చెమట, అకారణ చిరాకు, మాట తడబడడం – ఈ లక్షణాలు కనిపించినప్పుడు రోగి స్పృహలో ఉండి మింగగలిగితే పదిహేను గ్రాముల చక్కెర, అంటే సుమారు మూడు చెంచాలు, నీళ్లలో కలిపి ఇచ్చి పదిహేను నిమిషాలు ఆగాలి. తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఆ పదిహేను నిమిషాలు చాలా పొడవుగా గడిచాయి. ఫోను తీసి చూస్తే ఆ మలుపులో సిగ్నలు లేదు. దర్జీ భాయి తన శాలువ తీసి ఆయనకు కప్పారు. ఉస్తాద్ ఎండుకట్టెలు ఏరి మంట వేశారు. మేము ఆయన చేయి పట్టుకుని కూర్చున్నాము. భాభీ మాట చెవిలో మోగుతోంది. కాసేపటికి వణుకు తగ్గింది. ఆయన మా ముఖాలు ఒక్కొక్కటిగా చూసి, “గింత చలిల మీరందరు నా వంక చూస్తున్నరేంది” అన్నారు. దర్జీ భాయి అటు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. రుమాలు విప్పి రొట్టె నాలుగు ముక్కలు చేసి అక్కడే తిన్నాము.

తిరిగి పోదామని మేమన్నాము. ఆయన ఒప్పుకోలేదు. “ఎక్కిన కాడికి ఎక్కి తిరిగిపోతే ఇంట్లో మళ్ల బయటకు పోనియ్యరు” అన్నారు. అమీరు దర్జీ భాయి నిర్ణయమే చివరిది. ఆయన కాసేపు ఆలోచించి, మిగిలిన ఎత్తు ఎవరూ తొక్కకూడదు, నడిచి ఎక్కాలి, దమ్మాం భాయి సైకిల్ ఉస్తాద్ నడిపించాలి, ఊళ్లో ఆటో దొరికితే దమ్మాం భాయి అందులోనే ఇంటికి రావాలి అన్నారు. అలాగే చేశాము. ఉస్తాద్ రెండు చేతుల్లో రెండు సైకిళ్లు నడిపిస్తూ ముందు పోతుంటే, ఆ ఫ్రీవీళ్ల టకటక శబ్దం తప్ప గుట్ట మీద మరో చప్పుడు లేదు.

కోనసముద్రం చేరేసరికి ఎండ వచ్చింది. ఊరి పక్క పొలంలో ఇనుము కరిగించగా మిగిలిన నల్లటి చిట్టెం ముక్కలు దుక్కిలో పైకి తేలి ఉన్నాయి. వాటి మధ్య మట్టి మూసల పెంకులు. ఒకవైపు ఎర్రగా, లోపలివైపు గాజులా మెరుస్తున్నాయి. 1980ల్లో థెల్మా లోవ్ అనే పరిశోధకురాలు ఇక్కడి మూసల మీద అధ్యయనం చేశారు. 2010లో ఇంగ్లండులోని ఎక్సిటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇనుము, ఉక్కు జాడలను సర్వే చేశాయి. పొలం యజమానికి మాత్రం అవి నాగలికి అడ్డం వచ్చే రాళ్లు. ఆయనను తప్పుపట్టలేము. నాగలికి తగిలే ప్రతిదాన్నీ దాచిపెట్టుకుంటే సేద్యం సాగదు. అయితే ఈ మండలంలోని బడి పిల్లలను ఏడాదికి ఒకసారైనా ఇక్కడికి తీసుకువచ్చి ఇవేమిటో చెప్పాలి. మా విద్యార్థులను మేము తీసుకువస్తాము. ముహన్నద్ అన్న పదానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం దొరకదు.

ఉస్తాద్ ఒక పెంకు తీసి చాలాసేపు చూశారు. ఆయన కుమారుడు షార్జాలో వెల్డర్. దమ్మాం భాయి చిన్న కుమారునికి కూడా వీసా వచ్చింది. వచ్చే నెల ప్రయాణం. “అప్పుడు ఆళ్లు మన ఉక్కు కోసం ఈడికొచ్చిండ్రు. ఇప్పుడు మన పిల్లలు ఆడికి పోయి ఆళ్ల ఇనుము అతుకుతున్నరు” అన్నారు ఉస్తాద్. దమ్మాం భాయి ఏమీ అనలేదు. కాస్సేపటికి, “పోనియ్యాలె గదా” అన్నారు. ఆ మాట మమ్మల్ని అడిగినట్లుగానూ ఉంది, తనకు తాను చెప్పుకున్నట్లుగానూ ఉంది. ఉస్తాద్ పెంకును తీసినచోటే పెట్టారు.

ఆటో దొరికింది. సైకిల్ పైన కట్టి, దమ్మాం భాయిని ఎక్కించి, దర్జీ భాయి సైకిల్ కూడా అందులోనే వేసి ఆయనను తోడు పంపాము. మేమూ, ఉస్తాద్ దిగువకు తొక్కుకుంటూ వచ్చాము. చలిగాలి ఛాతీ మీది ప్లాట్ల ప్రకటనలకు తగిలి ఆగిపోయింది. పదకొండుకు ఇంకా పది నిమిషాలుండగా ఇల్లు చేరాము. దమ్మాం భాయి ఇంటి ముందు ఆగి నలుగురమూ వచ్చామని భాభీకి చెప్పాము. ఆమె అప్పటికే అన్నీ విని ఉన్నారు. కోపంగా లోపలికి వెళ్లి, ఖిచిడీ, ఖట్టా గిన్నెలు తెచ్చి మా చేతికిచ్చారు. జుమాలో ఆయన మా పక్క వరుసలోనే నిలబడ్డారు.

ఆ తర్వాత ఆయన డాక్టరును కలిశారు. సైకిల్ తొక్కే రోజున మాత్ర ఎప్పుడు, ఎంత వేసుకోవాలో రాయించుకున్నారు. తినకుండా ఎవరూ గుమ్మం దాటకూడదని దర్జీ భాయి కొత్త నియమం పెట్టారు. భాభీ ఆ నియమం అమలును తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఇప్పుడు శుక్రవారం ఫజ్ర్ తర్వాత నలుగురికీ రొట్టె అక్కడే.

వచ్చే శుక్రవారం భీమ్‌గల్ వైపు గుట్టల దారి. ఉస్తాద్ దమ్మాం భాయి సైకిలుకు కొత్త బ్రేకు రబ్బర్లు వేసి ఉంచారు. దర్జీ భాయి ఖర్జూరాల సంచీకి హ్యాండిలుకు తగిలించే పట్టీ కుట్టారు. దాన్ని ముందుండేవారి సైకిలుకు కడతారట.